ఎత్తుకోని చేతులు

1954 జూన్ 14, కర్నూలు

కోర్టులు తెరిచారు. ఎండ ఇంకా పోలేదు.

నిన్న మామ ఉరుకుందప్ప కోసిగి నుంచి లక్ష్మీదేవిని, పిల్లవాడిని తెచ్చి వదిలి వెళ్ళాడు. కాన్పుకు పుట్టింటికి పోయిన మనిషి మూడో నెలలో తిరిగి వచ్చింది. పిల్లవాడికి మా నాయన పేరే పెట్టాం, పుల్లయ్య అని. రంగు వాళ్ళ వైపు, చెవులు మా వైపు.

డోన్‌లో రైలు మారి వచ్చారు. దారి పొడుగునా పిల్లవాడు మామ ఒళ్ళోనే ఉన్నాడట. ఇంట్లోకి రాగానే లక్ష్మీదేవి కాళ్ళు కడుక్కొని నడవలో గోడవార కూర్చుంది. మామ పిల్లవాడిని చాపమీద పడుకోబెట్టాడు. అమ్మ కొంచెం దూరంగా కూర్చొని విసనకర్రతో విసిరింది. ఇద్దరు ఆడవాళ్ళూ వాడివైపే చూస్తున్నారు. ఇద్దరూ ముట్టుకోలేదు.

ప్రయాణపు బడలిక. లక్ష్మీదేవి ఆరోగ్యంగానే ఉంది.

జూన్ 21

ఆమెకు పాలు ఎండిపోయాయట. ఆవుపాలలో నీళ్ళు కలిపి ఉగ్గుగిన్నెతో పడుతున్నారు. ఆ పనికీ, నీళ్ళు పోయడానికీ పేటలోంచి ఒక ముసలామెను కుదిర్చాం. గట్టిగా మాట్లాడుతుంది. ఇంట్లో వినిపించే గొంతు ఆమెదొక్కటే.

ఏమైనా కావాలా అని లక్ష్మీదేవిని అడిగాను. ఏమీ వద్దంది.

జూన్ 29

వాన లేదు. లక్ష్మీదేవి ఆరోగ్యంగానే ఉంది.

జూలై 5

ఈ సంగతి జరిగింది జరిగినట్లే రాసి పెట్టుకుంటాను.

రాజధాని వచ్చినప్పటి నుంచి ఊళ్ళో ఇళ్ళు దొరకడం లేదు. ఆఫీసర్లే డేరాల్లో కాపురం పెట్టారు. అందుకని మా ఇంటి వెనక గదులు సెక్రటేరియట్ గుమాస్తా ఒకాయనకు ఇచ్చాం. బెజవాడ వైపు వాళ్ళు. సాయంత్రం నేను రాగానే ఆయన భార్య గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"ప్లీడరు గారూ, ఏమీ అనుకోకండి. మధ్యాహ్నం మీ ఆవిడ బాబును తెచ్చి మా మంచం మీద పడుకోబెట్టి వెళ్ళిపోయారు. ఏమిటమ్మా అంటే, 'ఈడైతే బతుకుతాడు' అన్నారు, అంటే ఇక్కడైతేనని. నాకు ఒళ్ళు జలదరించిందండీ."

లక్ష్మీదేవిని అడిగాను.

"ఊరకే పండుకోబెట్టినా."

"ఈడైతే బతుకుతాడు అన్నావట?"

"అన్యానా?" అంది. తరువాత రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. ఈమధ్య ఎప్పుడు చూసినా చేతులు అలాగే పెట్టుకుంటున్నది.

జూలై 13

మామను రమ్మని కార్డు రాశాను. వచ్చాడు. మెత్తని మనిషి. పొలం సంగతులు తప్ప మరేమీ ఎత్తడు. ఈసారి ఆయనే మొదలుపెట్టాడు.

"గాలి సోకిందప్పా. కాన్పయిన కొన్నాళ్ళ నుంచీ ఇంతే. మీకు చెప్పేదానికి నోరు రాలేదు. మా దిక్కు కొండ కింద ఒక సామి ఉండాడు. ఆడ కొన్ని నెలలు పెడితే నెమ్మదవుతాది. శానామందికి అయింది."

"అక్కడ ఏం చేస్తారు?"

"ఏముండాది, తెల్లారి సన్నీళ్ళ స్నానం, వేపమండలు, సామి కట్టుబాట్లు. గలాటా చేసేటోళ్ళను కట్టేస్తారంట. మన బిడ్డ గలాటా చెయ్యదు గదా."

నాకది సబబుగానే తోచింది. ఏదో ఒక ఏర్పాటంటూ జరుగుతుంది. సరేననబోయాను. అమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది.

"దాన్ని ఆడికి పంపొద్దు."

"ఎందుకమ్మా?"

"పంపొద్దంటి. ఇంగ అడగొద్దు."

నాయన పోయాక అమ్మ ఏ విషయంలోనూ ఇది చేయి, ఇది చేయొద్దు అన్నది లేదు. గొంతు పెంచడం నేను వినలేదు. మామ నావైపు చూశాడు. నేను పంచాంగం వైపు చూశాను.

సాయంత్రం బండికి మామ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు కూతురి ఎదుట నిలబడ్డాడు. "పోయొస్తా పాపా," అన్నాడు. ఆమె తల ఊపింది. ఆయన తువాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఎండ అలా ఉంది.

జూలై 20

ఆలూరు దగ్గర మా ఊరి నుంచి పెద్దక్క అత్త వచ్చింది. నాయనకు అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి ఉండిపోయింది. నన్ను పెంచింది ఆమే. మాట మొదలుపెడితే చుట్టూ తిప్పదు.

"సీనా, బిడ్డను ముట్టుకోని ఆడది ఇంట్లో ఉంటే ఎంత, ల్యాకుంటే ఎంత? వాళ్ళ నాయన కాడికి పంపించు. మా మరిది మనమరాలు ఉండాది. గట్టిపిల్ల. నీ బిడ్డను ఎత్తుకోని తిప్పుతాది."

"రెండో పెళ్ళి చెల్లదత్తా. చట్టం ఒప్పుకోదు."

"మీ తాతకు ఇద్దురు. యా చట్టం ఆపె?"

"అప్పుడు లేదు."

"ఇది పిచ్చిదని డాకటరు రాసిస్తే?"

దానికైనా ఏళ్ళు పడుతుందన్నాను.

"అట్లయితే ఇప్పుడే మొదలుపెట్టు."

ఈ మాటలు నడవలోకి వినిపించి ఉంటాయి. అక్కడ లక్ష్మీదేవి బియ్యం ఏరుతోంది. చేట శబ్దం ఆగలేదు.

జూలై 21

చట్టం పుస్తకం తీసి చూశాను. ఊరికే. ఏ సంగతైనా సరిగా తెలుసుకొని ఉండడం మంచిది.

జూలై 28

లక్ష్మీదేవిని మిషన్ ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. అమ్మ కూడా వస్తానంది. ఎందుకో చెప్పలేదు.

పెద్ద డాక్టరమ్మ చూసి రక్తం తక్కువగా ఉందని సీసా మందు ఇచ్చింది. మిగతాది మందుతో పోయేది కాదు, మా కృపమణితో మాట్లాడించండి అంది.

కృపమణి నర్సు. నంద్యాల వైపు మనిషి. మద్రాసులో మనోవ్యాధుల ఆసుపత్రిలో కొన్నేళ్ళు పనిచేసి వచ్చిందట. వరండా చివర గదిలో కూర్చుంటుంది. బయట బెంచీ మీద బడికి పోనని మొండికేసిన పిల్లను పట్టుకొని ఒక తండ్రి, తల వంచుకొని కాలేజీ కుర్రవాడొకడు, తాగుడు మానలేక ఏడుస్తున్న పెద్దమనిషి ఒకాయన కూర్చొని ఉన్నారు. అందరూ మాట్లాడడానికే వచ్చారట. మాట్లాడితే జబ్బు తగ్గేమాటైతే నా కక్షిదారులందరూ ఈపాటికి పహిల్వానులై ఉండాలి.

ముందు నేనొక్కడినే లోపలికి వెళ్ళాను. ఆమె స్వెట్టరు అల్లుతోంది. కర్నూల్లో స్వెట్టరు ఎవరికో తెలియదు.

"ఏం అడుగుతారు ఆమెను?"

"నేనేం అడగను వకీలు గారూ. చెప్పాలనిపిస్తే ఆయమ్మే చెప్తాది. చెప్పకుంటే ఇద్దరం కూచుంటాం."

"ఒక సర్టిఫికెట్టు... అవసరం పడితే..."

"యా సర్టిఫికెట్టు?"

ఆమె చూపు సూటిగా ఉంది. ఏమీ లేదన్నాను.

"వారానికొక తూరి తీసుకరాండి. మీరు గూడా ఒక తూరి రాండి."

"నేనెందుకు?"

"ఇంట్లో ఉండేది ఆయమ్మ ఒకతే కాదు గదా."

ఆగస్టు 4

అమ్మ తోడు వెళ్ళింది. లక్ష్మీదేవి మాట్లాడలేదట.

ఆగస్టు 11

మాట్లాడలేదట. కృపమణి అల్లుకుంటూ కూర్చుందట.

ఆగస్టు 18

నేను వెళ్ళవలసిన రోజు. కోర్టులో పని ఉంది.

ఆగస్టు 25

వాన పడింది. హంద్రీ ఏట్లో ఎర్రనీళ్ళు వచ్చాయి. ఊరంతా చూడడానికి పోయింది. కోర్టులో పని ఉంది.

సెప్టెంబరు 1

లక్ష్మీదేవి ఈరోజు మాట్లాడిందట. ఏమందని అమ్మను అడిగాను.

"నేను బయట కూచోనింటి," అంది.

అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అన్నం తినలేదు. రాగానే దేవుడి గూటి ముందు కూర్చుంది, కాని దీపం పెట్టలేదు.

సెప్టెంబరు 8

వెళ్ళాను. ఇక వెళ్ళకపోతే మర్యాదగా ఉండదు.

"పిల్లోణ్ణి ఎత్తుకుంటారా వకీలు గారూ?"

మగవాళ్ళు ఎత్తుకునే వయసు కాదన్నాను. మెడ ఇంకా సరిగా నిలవలేదని కూడా అన్నాను. నిజానికి నిలిచింది.

"మిమ్మల్ని ఎవురు ఎత్తుకోని పెంచిరి?"

"మా అత్త."

"అమ్మ?"

"అమ్మకు పిల్లలంటే అంత ఇది లేదు."

ఆమె అల్లుతూనే ఉంది. నేను ఇది అప్రస్తుతం అన్నాను. కోర్టులో ఇలాంటి ప్రశ్నకు అభ్యంతరం చెప్పవచ్చు. ఆ గదిలో అభ్యంతరం వినేవాళ్ళెవరూ లేరు.

బయటికి వస్తే అమ్మ బెంచీ మీద కూర్చొని ఉంది. నన్ను చూసి లేచి, కొంచెం పక్కకు జరిగి నిలబడింది. ఎప్పుడూ అంతే.

సెప్టెంబరు 15

ఈరోజు నన్నూ లోపలికి పిలిచారు. లక్ష్మీదేవి కుర్చీలో కూర్చొని ఉంది. మా ఇంట్లో ఆమె కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు.

"ఆయమ్మే మీకు చెప్తానంటాండాది. నడమ మాట్లాడొద్దండి," అంది కృపమణి.

లక్ష్మీదేవి నేల చూస్తూ చెప్పింది.

"కాగులో నీళ్ళు సూస్తే వాణ్ణి అందులో ముంచుతానేమో అనిపిస్తాది. కత్తిపీట సూసినా అట్లే. నేను చెయ్యను. చెయ్యను గానీ అనిపిస్తాది. వద్దనుకున్యా కొద్దీ వస్తాది. మా యమ్మోళ్ళింట్లో ఒకదినం నీళ్ళు పోస్తాంటే చేతులు వణికి వాణ్ణి ఇడిసిపెడితి. మా వదిన పట్టుకునె. అప్పటి నుంచి ముట్టుకోల్యా. నేను దూరంగుంటే బతుకుతాడని."

పెళ్ళయిన తరువాత ఆమె నాతో ఒక్కసారిగా ఇన్ని మాటలు చెప్పింది లేదు. ఆమె చేతుల వైపు చూశాను. నేను చూస్తున్నానని ఆమె గమనించింది. కొంగు కప్పుకుంది.

ఆమె బయటికి వెళ్ళాక కృపమణి అంది:

"ఆయమ్మ చేతులు సూడొద్దండి. ముఖం సూడండి."

"ఇంత విన్నాక పిల్లవాడిని ఆమె దగ్గర ఎలా ఉంచేది?"

"ఇది శానామంది తల్లులకు వస్తాది. నోరు తెరిచి చెప్పేవాళ్ళే తక్కువ. రాకాసి అంటారని భయం. కీడు చెయ్యాలని ఉంటే దగ్గరికి వస్తాది గాని దూరం పోతాదా? కాపాడుకోవాలనే ఆయమ్మ దూరం పోయింది."

"నమ్మకమేమిటి?"

"అందుకే ఒకతిని ఇడిసిపెట్టొద్దు అంటాండా. అనుమానంతో కాదు, తోడుకు. దినం రవ్వంతసేపు పక్కన ఎవురన్నా ఉండి బిడ్డను ఎత్తుకోనీండి. లేనివి కనపడినా, ఎవురో చెప్పినట్ల వినపడ్తాండాయన్నా ఆ పొద్దే తీసుకరాండి. అంతవరకు నేను సూసుకుంటా."

ఇంటికి జట్కాలో వచ్చాం. లక్ష్మీదేవి దారిలో నిద్రపోయింది. చాలా రోజులకు నిద్రపోవడం చూశాను.

సెప్టెంబరు 17

పిల్లవాడిని కొన్ని నెలలు తీసుకుపోయి పెట్టుకొమ్మని పెద్దక్క అత్తకు కార్డు రాశాను. అందరికీ అదే మంచిది. లక్ష్మీదేవికి కూడా భారం తగ్గుతుంది.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. సమయం దొరకలేదు.

సెప్టెంబరు 22

సమయం దొరకలేదు.

సెప్టెంబరు 27

పెద్దక్క అత్త పొద్దున బస్సుకు వచ్చింది. కొత్త ఉగ్గుగిన్నె, మెత్తని పాత చీరలు వెంట తెచ్చుకుంది. ఆమె పిల్లవాడి గుడ్డలు మూట కట్టడం మొదలుపెట్టాక గాని ఇంట్లోవాళ్ళకు సంగతి అర్థం కాలేదు. నేను చెప్పాను. కొన్నాళ్ళపాటే అన్నాను, ఈమె కుదుటపడేదాకా.

లక్ష్మీదేవి ఏడవలేదు. "తీసకపోండి పెద్దత్తా. మీ కాడ బాగుంటాడు," అంది.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతులకు జొన్నపిండి ఉంది. అత్త చేతిలోని మూట తీసుకొని తన వెనక పెట్టుకొని, వాకిలికి అడ్డంగా కూర్చుంది.

"వదినా, ఒక బిడ్డను తీసకపోతివి. అప్పుడు నోరు తెరవకపోతి. ఇంగొక బిడ్డను తీసకపోనియ్యను."

"ఏం మాట్లాడ్తాండావు సిద్దమ్మా? నేను తీసకపోతినా? నీకు పిచ్చి పట్టింటే వాణ్ణి నేను సాకితి."

"సాకితివి. కాదనను. దండం పెడతా. నాకు పట్టింది పిచ్చి కాదు వదినా. ఈ పాపకు పట్టిందే."

అప్పుడు అమ్మ నావైపు తిరిగింది. నా ముఖం చూసి మాట్లాడింది. అందుకే మాటలు గుర్తున్నాయి, ఉన్నవి ఉన్నట్లు రాస్తున్నాను.

"సీనా, నువ్వు పుట్టినప్పుడు నాకూ ఇట్లే అయింది. నీళ్ళు సూస్తే నిన్ను ముంచుతానేమో అని, మిద్దె మీదికి పోతే కిందికి ఇసురుతానేమో అని. ఎవురికి చెప్పేది? నేనే పెద్ద రాకాసిని అనుకుంటి. నిన్ను ముట్టుకోకుండా ఉంటి. మీ నాయన గాలి అన్యాడు. ఆ కొండ కింద సామి కాడికి తీసకపాయె. ఆడ నన్ను రాతికంబానికి కట్టేసిరి. నేనేం గలాటా చెయ్యల్యా. అయినా కట్టేసిరి. నేను ఇంటికొచ్చేటాలకు నువ్వు నడుస్తాంటివి. మీ యత్తను అమ్మా అంటాంటివి. ఎత్తుకుందామని చెయ్యి సాపితే ఏడిస్తివి. సరే, వీడు ఆడనే బాగుండాడు, నేను పక్కకు పోతే సాలు అనుకుంటి. అట్లే పక్కకు పోతా ఉంటి."

ముసలామె పొయ్యి దగ్గర పాలు దించడం మరిచిపోయింది. మాడిన వాసన వచ్చింది.

"ఆ సిస్టరు కాడ ఈ పాప చెప్తాంటే తలుపు అవతల ఇన్యా. నా మాట ఇంగొకతి చెప్తాండాది అనుకుంటి. ఇన్నేండ్లకు."

పెద్దక్క అత్త మంచం పట్టె మీద కూర్చుంది. "ఆ పొద్దు చెప్పింటే..." అంది.

"చెప్పింటే ఏం చేస్తాంటివి?"

అత్త తాను తెచ్చిన పాత చీర ఒకటి మడత విప్పి మళ్ళీ మడిచింది. "ఏమో," అంది.

లక్ష్మీదేవి గోడవార నుంచి లేచి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"అత్తా, మల్ల అది ఎప్పుడు పోయింది?"

"ఎప్పుడు పోయిందో నాకూ తెలీదు పాపా. ఒకదినం సూసుకుంటే ల్యా. అప్పటికి వీడు పెద్దోడైపాయె."

నేను లోపలికి వెళ్ళాను. కోటు వేసుకున్నాను. మళ్ళీ విప్పి వంకెకు తగిలించాను. వెళ్ళవలసిన చోటేమీ లేదు.

సెప్టెంబరు 28

అత్తను బస్సు దగ్గర దించి వచ్చాను. పిల్లవాడు ఇక్కడే ఉన్నాడు. తెచ్చిన గిన్నె, చీరలు అత్త వదిలి వెళ్ళింది.

బస్సు ఎక్కాక కిటికీలోంచి అడిగింది: "నీకు నీళ్ళు పోసింది, తిండి పెట్టింది నేను. అది తప్పు కాదు గదా సీనా?"

కాదన్నాను. ఆమెకు వినిపించిందో లేదో. మళ్ళీ గట్టిగా అన్నాను. బస్సులోవాళ్ళందరూ చూశారు.

అక్టోబరు 7

దసరా. పిల్లవాడిని ఎత్తుకున్నాను. అనుకున్నదానికన్నా బరువున్నాడు. చొక్కా తడిపాడు.

అక్టోబరు 15

లక్ష్మీదేవి ఈరోజు వాడిని ఒళ్ళో పెట్టుకుంది. అమ్మ పక్కనే ఆనుకొని కూర్చుంది. వత్తులు చేసుకుంటున్నట్లు కూర్చుంది గాని ఒక్క వత్తీ చేయలేదు. కొంచెం సేపటికి లక్ష్మీదేవి "అత్తా, వస్తాండాది," అంది. భయం వస్తున్నదని. అమ్మ "రానీ. నేనుండా," అంది. వాడిని తీసుకోలేదు. కాసేపటికి పోయింది కాబోలు, లక్ష్మీదేవి వాడి కాలివేళ్ళు చూడడం మొదలుపెట్టింది.

ఇలా చేయమని కృపమణి చెప్పిందా, అమ్మకే తోచిందా, అడగలేదు.

నవంబరు 7

నిన్న అసెంబ్లీలో మంత్రివర్గం పడిపోయింది. ఊళ్ళో అదే మాట. వకీళ్ళలో సగంమంది సంతోషం, సగంమంది విచారం. వెనకింటి గుమాస్తా తన కొలువు ఏమవుతుందోనని అడగడానికి వచ్చాడు. నాకు సరిగా వినబడలేదు. లోపల లక్ష్మీదేవి పిల్లవాడికి ఉగ్గు పెడుతున్నది. వాడు ఉమ్మేస్తున్నాడు. ఆమె తిడుతున్నది. తిట్టడం బాగుంది.

నవంబరు 16

మళ్ళీ మొదటికి వచ్చింది. నిన్నటి నుంచి లేవలేదు. తినలేదు. చేతులు కొంగులో. నేను అమ్మతో "ఇదంతా వృథా," అన్నాను.

అమ్మ జట్కా పిలవమంది. లక్ష్మీదేవిని లేపి, తల దువ్వి, తీసుకుపోయింది.

కృపమణి చెప్పి పంపిందట: మంచి దినాలు వచ్చినాక చెడ్డ దినాలు రావని ఎవరూ అనలేదు. వచ్చినప్పుడు పాతదానంత పెద్దగా ఉందా లేదా చూసుకొమ్మని.

లేదని లక్ష్మీదేవే అంది. రాగిసంకటి రవ్వంత తిన్నది.

నవంబరు 24

ఒక్కడినే వెళ్ళాను. ఎందుకు వచ్చారని కృపమణి అడగలేదు. చెప్పడానికి ఏమీ లేదన్నాను. సరేనంది. అల్లిక పెద్దదయింది. చేతులు కూడా వచ్చాయి దానికి.

చివరికి, ఒక సంగతి తెలుసుకుందామని వచ్చానన్నాను. నేను బడి నుంచి వస్తే అమ్మ అరుగు మీద నుంచి లేచి లోపలికి పోయేది. నేనంటే ఇష్టం లేదు కాబోలు అనుకున్నాను. అందరి అమ్మలూ ఒకలాగా ఉండరు కదా అని ఊరుకున్నాను. ఇన్నేళ్ళూ దానికి నేను బాధపడింది లేదు. కారణం తెలిశాక, అది ఇష్టం లేక కాదని తెలిశాక, ఇప్పుడు బాధ ఎందుకు? తగ్గవలసింది కదా.

కృపమణి అల్లిక పక్కన పెట్టింది.

"బాధ అప్పుడూ ఉన్నింటాది వకీలు గారూ. దానికి కూచునేదానికి తావు లేకుండింది."

కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చింది. ఈ కాలంలో దుమ్ము ఎక్కువ.

వచ్చే వారం మళ్ళీ రమ్మంది. కోర్టులో పని లేదు.

డిసెంబరు 1

వెళ్ళాను. బయట బెంచీ మీద, బడికి పోనని మొండికేసిన ఆ పిల్ల తండ్రి కనిపించాడు. పిల్ల బడికి పోతున్నదట. "మల్ల మీరెందుకు వచ్చినారు?" అని అడిగాను.

"ఇప్పుడు నాకోసరం వచ్చినానప్పా," అన్నాడు. కొంచెం సిగ్గుపడ్డాడు.

"నేను కూడా," అన్నాను.

డిసెంబరు 9

నీళ్ళు పోసే ముసలామె కూతురి కాన్పని బేతంచెర్లకు పోయింది. ఎప్పుడు వస్తుందో తెలియదు. పిల్లవాడు పాకడం నేర్చాడు. పొద్దున పొయ్యి దగ్గరికి పాకి ఒళ్ళంతా బూడిద చేసుకున్నాడు. వెనకింటామెను పిలుద్దామా అన్నాను.

అమ్మ వద్దంది. చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, స్నానం చేసే జాలాట్లో పీట వేసుకొని కాళ్ళు చాపి కూర్చుంది.

"పాపా, వాణ్ణి నా కాళ్ళ మీద పండుకోబెట్టు. నువ్వు నీళ్ళు పొయ్యి."

"నా చేతులు వణుకుతాయి అత్తా."

"వణకనీ. నావి వణుకుతాండ్లేదా? ఇట్ల సూడు."

"మీకు పోసేది వచ్చు గదా?"

"యాడ వచ్చాది? సీనాకు అంతా మా వదినే పోసె. నేను పోస్తినా యేమి?"

"అయితే ఎట్ల పోసేది?"

ఇద్దరూ నావైపు చూశారు. నాకూ తెలియదన్నాను. వేడినీళ్ళలో చన్నీళ్ళు తొరిపే పని నాకు పడింది. వేడి చూడడానికి మోచెయ్యి ముంచాలని ఎక్కడో విన్నాను. ముంచాను. చొక్కా చెయ్యి మడవడం మరిచిపోయాను.

వాడు పడుకోడు. లేచి కూర్చుంటాడు. అమ్మ కాళ్ళ మధ్య నుంచి జారి చెంబు పట్టుకోబోతాడు. సున్నిపిండి కంట్లో పడి ఊరు వినేటట్లు ఏడ్చాడు. లక్ష్మీదేవి చెంబు ఎత్తింది. చెయ్యి వణికింది. కాగు వైపు చూసి ఆగింది. అమ్మ వాడి నడుము రెండు చేతులతో పట్టుకొని కూర్చుంది. నేను లక్ష్మీదేవి ముఖం చూశాను.

పోసింది. సగం నీళ్ళు అమ్మ నెత్తిన పడ్డాయి.

అమ్మ ఉక్కిరిబిక్కిరై ముఖం తుడుచుకుంటూ, "వానికి పొయ్యవే, నాకు కాదు," అంది. లక్ష్మీదేవికి నవ్వు వచ్చింది. నవ్వుతూ రెండో చెంబు ముంచింది. అమ్మ కూడా నవ్వింది. పై పన్ను ఒకటి లేదు ఆమెకు. నేను ఇంతకుముందు చూడలేదు.

గుడ్డలో చుట్టి వాడిని నా చేతికి ఇచ్చారు. వాడు ఇంకా వెక్కుతున్నాడు. వాళ్ళిద్దరూ తడిచీరలతో అక్కడే కూర్చొని, ఎవరు సరిగా చేయలేదో వాదించుకుంటున్నారు.

కోర్టుకు ఆలస్యమైంది. తడిచొక్కా మీదనే కోటు వేసుకొని పోయాను. కేసు పిలిచి అప్పటికే పక్కన పెట్టారు. మేజిస్ట్రేటు కారణం అడిగాడు. ఇంట్లో పిల్లవాడికి నీళ్ళు పోశామని చెప్పాను.

"అదొక కారణమా?" అన్నాడు.

అవునన్నాను.